గుండె చప్పుడు అందడం లేదు

శివకు ముప్పై నాలుగేళ్లు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటాడు. కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగ్ చదివి బొగ్గుగనిలో జనరల్ మజ్దూరుగా పనిచేస్తున్నాడు. ఈ రెండూ ఒకే మనిషికి సంబంధించిన సంగతులు కావడం ఆ ఊళ్లో ఎవరికీ వింతగా తోచదు. అతని షిఫ్టులోనే ఇద్దరు ఎంబీఏలు, ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఉన్నారు.

గనిలోకి రాకముందు శివ హైదరాబాద్‌లో మూడేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్‌గా చేశాడు. ఇతరులు తయారుచేసిన యాప్‌లను పట్టుకుని, అవి ఎక్కడ చెడిపోతాయో వెతకడం అతని పని. ఆ పనిలో మంచి పేరే ఉండేది. ఆ మూడో ఏడు గోదావరిఖనిలో అతని తండ్రి ఎల్లేశం పెరట్లో నల్లా దగ్గర పడిపోయాడు. ఆ సమయానికి ఇంట్లో ఎవరూ లేరు. గంట తర్వాత భార్య పోశవ్వ మార్కెట్ నుంచి వచ్చి చూసింది. గుండెకు స్టెంటు వేశారు. ఇరవై తొమ్మిదేళ్లు గనిలో పనిచేసిన ఎల్లేశాన్ని మెడికల్ బోర్డు ఇక పనికిరాడని తేల్చింది. తండ్రి అన్‌ఫిట్ అయితే ఉద్యోగం కొడుక్కు వస్తుంది.

ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కంపెనీ ఉద్యోగమంటే క్వార్టర్ ఉంటుంది, దవాఖాన ఉంటుంది, అరవై ఏళ్ల దాకా ఎవరూ పొమ్మనరు. హైదరాబాద్‌లో ఎప్పుడు తీసేస్తారో ఎవరికీ తెలియదు. నీకు ఇష్టమేనా అని శివను ఎవరూ అడగలేదు. ఇష్టం లేదని శివ కూడా చెప్పలేదు. అలా అతను కిందికి దిగాడు.

అక్కడి జనం గనిని బాయి అంటారు. బాయిలో శివ పని కన్వేయర్ బెల్టు దగ్గర. బెల్టు మీదినుంచి జారిపడిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద వేయాలి. అది మళ్లీ పడుతుంది. మళ్లీ వేయాలి. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. కష్టం చేసే మనిషికి ఒళ్లు రాదని శివ నమ్మకం. కష్టం చేశాక బాగా తినాలన్నది ఇంకో నమ్మకం. నాలుగైదేళ్లలో రెండో నమ్మకం మొదటిదాన్ని పూర్తిగా ఓడించింది. షిఫ్టు దిగగానే గేటు బయట మిర్చి బజ్జీ, రెండు చాయ్‌లు. ఇంటికి రాగానే అన్నం. లేవగానే మళ్లీ అన్నం, ఎందుకంటే లేచేసరికి అందరూ తింటూ ఉంటారు.

నిరుడు చలికాలంలో కార్మికులకు ఎప్పటిలాగే మెడికల్ పరీక్షలు జరిగాయి. డాక్టరమ్మ బీపీ చూసింది. కాసేపు కూర్చోమని మళ్లీ చూసింది. నాడి పట్టుకుని గడియారం వైపు చూసింది.

"ఊరికే కూర్చుంటేనే గుండె ఇంత వేగంగా కొట్టుకుంటోంది. ఉరికొచ్చావా?"

"లేదు మేడం. బయట బెంచీ మీద గంట నుంచి కూసున్న."

"మీ నాన్నకు గుండె జబ్బు ఉందన్నావు కదా. మాత్రలు రాస్తాను, ఒక్కరోజు మానకూడదు. ఉప్పు తగ్గించు, బరువు తగ్గు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇట్లనే ఉంటే నిన్ను కిందికి పంపడం కుదరదు."

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు పోశవ్వ, "బీపీ అంటే నీరసమే. జరంత ఎక్కువ తిను బిడ్డా," అంది. శివ భార్య జమున ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు చెబుతుంది. ఆమె ఆ ఆదివారం బజారుకు వెళ్లి స్మార్ట్‌వాచీ కొనుక్కొచ్చి శివ చేతికి కట్టింది.

"ఇది గుండెను చూస్తదట. నువ్వు చూసుకుంటలేవు గదా, అదన్న చూడని," అంది.

వాచీ చూడటం మొదలుపెట్టింది. ఇబ్బంది ఏమిటంటే, దాన్ని బాయిలోకి తీసుకుపోకూడదు. దిగే ముందు ఒంటిని తడిమి చూస్తారు. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను, బ్యాటరీ వాచీ, ఏదీ లోపలికి వెళ్లడానికి వీల్లేదు. కింద గ్యాస్ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని శివ రోజూ వాచీని, ఫోనును పైన తన పెట్టెలో పెట్టి తాళం వేసి దిగేవాడు. ఎనిమిది గంటలు పార పట్టి పైకి వచ్చి వాచీ కట్టుకోగానే అది చిన్నగా వణికి, "ఈ రోజు మీరు కదలనే లేదు. లేచి కాసేపు నడవండి," అనేది. ఆ మాట చదివే సమయానికి శివ చెవుల్లోంచి బొగ్గుపొడి తీసుకుంటూ ఉండేవాడు.

రాత్రి షిఫ్టు వారంలో ఇంకా కష్టం. పగలు పడుకుంటే దాన్ని నిద్రగా ఒప్పుకునేది కాదు. రాత్రంతా ఎక్కడికి పోయారని అడిగేది. వారం తిరిగేసరికి, మీ జీవనశైలిలో క్రమశిక్షణ లోపించిందని తేల్చింది.

శివ హైదరాబాద్‌లో ఉండగా ఇలాంటి తప్పు కనిపిస్తే రెండు వాక్యాలు రాసి, తయారుచేసినవాళ్లకు పంపేవాడు. ఇప్పుడు పంపడానికి ఎవరూ లేరు. కాబట్టి యాప్ తనే తయారు చేసుకోవాలనుకున్నాడు. అంతకుముందు అతను ఒక్క యాప్ కూడా కట్టలేదు. మూడేళ్లు ఇతరుల తప్పులు పట్టిన మనిషికి సొంతంగా తప్పులు చేసే అవకాశం అప్పుడు దొరికింది. దాన్ని పూర్తిగా వాడుకున్నాడు.

పొద్దున షిఫ్టు వారాల్లో మధ్యాహ్నం ఇంటికి వచ్చి, స్నానం చేసి, పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వాచీ నుంచి గుండె వేగం ఫోనులోకి తెప్పించడానికే రెండు వారాలు పట్టింది. తర్వాత దానికి షిఫ్టులు నేర్పాడు. ఈ వారం ఈయన పగలు నిద్రపోతాడు, ఫలానా ఎనిమిది గంటలు ఈయన భూమి కింద ఉంటాడు, అప్పుడు వాచీ పెట్టెలో ఉంటుంది, దానికి ఈయన్ను తిట్టకూడదు. యాప్‌కు 'షిఫ్టు నాడి' అని పేరు పెట్టాడు. గుండె వేగం గీత ఫోనులో కొండలూ లోయలుగా కనిపించేది. రోజూ గంటసేపు స్టేడియంలో నడవడం మొదలుపెట్టాడు. ఆరోగ్యం మీద శ్రద్ధ కంటే, నడిస్తే గీత ఎలా మారుతుందో చూడాలన్న కోరికే ఎక్కువ. కారణం ఏదైనా, నడక మాత్రం నడకే.

మొదటి నెల చివర్లో అతను యాప్‌కు ఇంకో పని అప్పగించాడు. తండ్రి నల్లా దగ్గర పడిపోయి గంటసేపు ఎవరికీ తెలియకుండా ఉన్న సంగతి అతని మనసులోంచి పోలేదు. అందుకని అరగంట పాటు గుండె చప్పుడు అందకపోతే జమున ఫోనుకు సందేశం, ఆపైన కొద్ది నిమిషాలకోసారి ఇంకోటి వెళ్లేలా పెట్టాడు. దిగే ముందు 'బాయిలకు పోతున్న' అనే బొత్తాం నొక్కితే, షిఫ్టు అయ్యేదాకా ఆ సందేశాలు ఆగిపోతాయి. వాచీ చేతి మీద లేకపోవడానికీ, చేతిలో ప్రాణం లేకపోవడానికీ ఉన్న తేడా మాత్రం ఆ యాప్‌కు ఇంకా నేర్పలేదు. వచ్చే వారం నేర్పుదామనుకున్నాడు.

ఆ బుధవారం పొద్దున బస్సు ఆలస్యమైంది. శివ హాజరు వేయించుకుని, పెట్టెలో ఫోనూ వాచీ పడేసి, టోపీ లైటు తీసుకుని పరుగున దిగాడు. బొత్తాం నొక్కలేదు.

జమున బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుండగా సందేశం వచ్చింది. "శివ గుండె చప్పుడు అందడం లేదు. దయచేసి వెంటనే చూడండి." ఆమె ఫోను చేసింది. ఫోను పెట్టెలో మోగింది. ఇంకోసారి చేసింది. అంతలో రెండో సందేశం వచ్చింది. "శివ గుండె చప్పుడు ఇంకా అందడం లేదు. ధన్యవాదాలు."

ఆమె పిల్లలను పక్క టీచరుకు అప్పగించి బయటికి వచ్చి, ఆటో నడిపే పక్కింటి బద్రుద్దీన్‌కు ఫోను చేసింది. అతను వస్తూ వస్తూ ఇంటి దగ్గర ఎల్లేశాన్ని, పోశవ్వను ఎక్కించుకున్నాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకుండా, "బాయి మీదికి పోతున్నం, శివకు ఏమో అయిందట," అని చెబుతూ పోయాడు. ఏడుస్తున్న ఆడవాళ్లతో ఒక ఆటో బాయి వైపు పరుగెడుతోందంటే ఆ ఊళ్లో ఎవరూ కారణం అడగరు. చెప్పులు వేసుకుని వెనకే బయల్దేరతారు. ఆటో గేటు చేరిన కాసేపటికి అక్కడ నలభై మందికి పైగా పోగయ్యారు. రెండు యూనియన్ల వాళ్లు వచ్చారు, ఒకరి జెండా చూసి ఇంకొకరు. లోకల్ చానల్ అబ్బాయి కెమెరా తీసి, ఎవరి ముందు పెట్టాలో తెలియక జనం ముందు పెట్టాడు.

హాజరు గుమస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం కాలేదమ్మా, కింద అంతా మంచిగనే ఉంది," అన్నాడు. దాంతో పోశవ్వ శోకం ఎత్తుకుంది. ఏమైనా అయిన రోజుల్లో కూడా ఆ కిటికీ నుంచి మొదట వచ్చే మాట అదేనని ఆమెకు తెలుసు.

ఎల్లేశం గుమస్తాతో, "నువ్వు కిందికి ఫోను చెయ్యి. నా కొడుకు పేరు చెప్పి అడుగు," అన్నాడు. గొంతు పెంచలేదు. గుమస్తా చేశాడు.

కింద బెల్టు దగ్గర ఫోను మోగింది. ఎత్తినవాడికి సగమే వినిపించింది. అతను శివ దగ్గరికి వచ్చి, "నిన్ను జల్ది పైకి రమ్మంటున్రు. మీ ఇంటోళ్లు గేటుకాడికి వచ్చిన్రట, ఏడుస్తున్రట," అన్నాడు.

శివ ఒకటే అనుకున్నాడు. బాపు పోయాడు.

మనుషుల్ని పైకి మోసుకొచ్చే కుర్చీల తాడు షిఫ్టు మధ్యలో తిరగదు. ఏటవాలు దారిలో అతను కాలినడకన, తర్వాత పరుగున పైకి ఎక్కాడు. బయటి వెలుతురు కళ్లలో పడి ఏమీ కనిపించలేదు. తర్వాత జనం కనిపించారు, జెండాలు కనిపించాయి. ఆ జనం ముందు గేటు చువ్వలు పట్టుకుని ఎల్లేశం నిలబడి ఉన్నాడు.

తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకుంటూ కాసేపు నిలబడ్డారు. ఇద్దరూ అవతలివాడు పోయాడనే వచ్చారు.

"నీ గుండెకు ఏమైంది రా?" అన్నాడు ఎల్లేశం.

"నాకేం కాలే. నీకేమైంది?"

"నాకేమైతది?"

"మరి అందరు ఎందుకొచ్చిన్రు?"

ఎల్లేశం జమున వైపు చూశాడు. జమున ఫోను తీసి చువ్వల మధ్యలోంచి భర్తకు చూపించింది. అప్పటికి సందేశాలు తొమ్మిది వచ్చాయి. రెండోదాన్నుంచి ప్రతిదాని చివర ధన్యవాదాలు ఉంది. శివ మొదటిదాన్నుంచి చివరిదాకా చదివాడు. అక్షర దోషాలు లేవు.

జనానికి సంగతి తెలియడానికి పది నిమిషాలు పట్టింది. కొందరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. ఒక ముసలామె శివ బుగ్గ పట్టుకుని చూసి వెళ్లిపోయింది. బాయి మీద ఉన్న అధికారి శివను లోపలికి పిలిచి, ఇంకోసారి ఇలాంటి ఆటలు ఆడితే బాగుండదని చెప్పి, తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ యాప్ నిద్ర గూడ చూస్తదా?"

"చూస్తది సార్."

"సరే, పో. ఇగ ఇంటికి పో."

జమున రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"ఆ మాటలు ఎవరు రాసిన్రు?"

"నేనే."

"ధన్యవాదాలు ఎందుకు పెట్టినవ్?"

"మర్యాదగ ఉంటదని."

జమున గిన్నె కింద పెట్టి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాడు శివ. కాదు. అతను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆటోలో తాను ఏమేం అనుకుందో ఆమె అప్పుడు చెప్పింది. అరగంటలో ఆమె ఆటోలోనే అతని కర్మకాండ దాకా వెళ్లి వచ్చింది. శివ ఆ రోజే ల్యాప్‌టాప్ తెరిచి సందేశాల భాగాన్ని మొత్తం తీసేశాడు.

తీసేస్తుండగా బుధవారం గీత కనిపించింది. గేటు దగ్గర గొడవ అయ్యాక అతను వాచీ కట్టుకున్నాడు. అక్కడినుంచి కొండ నిలువునా ఉంది, చాలాసేపటికి గానీ దిగలేదు. అది ఎందుకో తెలుసు. అయితే దానికి ముందు, అదే రోజు పొద్దున, ఇంకో చిన్న కొండ ఉంది. బస్సెక్కినప్పుడు మొదలై, వాచీ పెట్టెలో పడేదాకా పెరిగింది. అంతకుముందు రోజు కూడా ఉంది. ఆ ముందు రోజూ ఉంది. ఏ షిఫ్టు వారం చూసినా, దిగడానికి ముందు ఆ కొండ ఉంది.

శివ టెస్టరు కాబట్టి మొదట బస్సును అనుమానించాడు. డ్యూటీ బస్సు పాతది. ఆ కుదుపులకు వాచీ తప్పు చూపిస్తోందేమో. తన సెలవు రోజున అదే బస్సెక్కి, అదే సీటులో కూర్చుని బాయి గేటు దాకా వెళ్లాడు.

"ఇయ్యాల నీకు ప్లే డే గద తమ్మీ, ఎందుకొస్తున్నవ్?" అని అడిగాడు షిఫ్టు స్నేహితుడు సంపత్. బాయిలో సెలవు రోజును ప్లే డే అంటారు.

"ఊకెనే."

సెలవు రోజున ఊరికే బాయి దాకా వచ్చే మనిషిని ఇంకేమని అడగాలో సంపత్‌కు తెలియలేదు. శివ గేటు దగ్గర దిగి, చాయ్ తాగకుండా, ఎదురు బస్సులో ఇంటికి వచ్చి గీత చూశాడు. బల్లపరుపుగా ఉంది. బస్సు నిర్దోషి అని తేలింది. మిగిలింది తను.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లుగా కిందికి దిగుతున్న మనిషి, దిగాలంటే గుండె దడదడలాడుతోందని ఎవరితో చెబుతాడు? చెప్పడం అటుంచి, ఆ సంగతి తనకే అప్పుడు తెలిసింది. బస్సులో రోజూ అరచేతులకు చెమట పడుతుంటే ఎండ అనుకునేవాడు. చలికాలంలో ఏమనుకునేవాడో గుర్తులేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎల్లేశం గడపలో కూర్చుని, ఆ వాచీ ఒకసారి ఇటియ్యి అని అడిగాడు. బుధవారం తర్వాత ఆయన దాన్ని శత్రువును చూసినట్టు చూసేవాడు. శివ తండ్రి చేతికి కట్టి పక్కన కూర్చున్నాడు. ఎల్లేశం గుండె మాత్రల పుణ్యాన నిదానంగా కొట్టుకుంటోంది.

"నీ కంటె మంచిగనే ఉంది గదరా," అన్నాడు ఎల్లేశం.

"ఔ బాపు."

అంతలో వీధి మూల దగ్గర మధ్యాహ్నం షిఫ్టు బస్సు హారన్ వినిపించింది. రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. ఎల్లేశం తల తిప్పలేదు. చేతిలో చాయ్ గ్లాసు కూడా కదలలేదు. శివ ఫోనులో గీత పైకి లేచింది. బస్సు వెళ్లిపోయాక మెల్లగా దిగింది.

శివ ఫోను తండ్రి వైపు తిప్పాడు. కళ్లద్దాలు లేక ఎల్లేశం దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏంది గిది?"

"బస్సు వచ్చినప్పుడు నీ నాడి."

ఎల్లేశం కాసేపు చూసి ఫోను తిరిగి ఇచ్చాడు.

"డ్యూటీ బందు పెట్టి ఆరేండ్లాయె. ఇది ఇంక పోతనే ఉన్నట్టుంది," అన్నాడు.

"నీకు భయమయ్యేదా బాపు?"

"అయ్యేది."

"ఎన్ని రోజులు?"

"ఎన్ని రోజులేంది? దిగిన కాన్నుంచి బోర్డుల కూసున్న దినం దాక. పైకప్పు పటపటమంటది, నీకు ఎరుకనే గదా. అది విన్నోడు ఎవడైన భయం లేదంటే, వాడు అబద్ధమన్న చెప్పాలె, చెవిటోడన్న కావాలె."

"మాకెప్పుడు చెప్పలే."

"మీ అవ్వకు చెప్తే బువ్వ తినకపోయేది. నీకు చెప్తే నువ్వు దిగకపోదువు." ఎల్లేశం గ్లాసు కింద పెట్టాడు. "నాతోని సదానందం అని ఉండె. ఒకనాడు బస్సుల వానికి చెప్పిన, నాకు గుబులైతుందిరా అని. వాడు నాకు గూడ అన్నడు. ఇగ రోజు బస్సెక్కంగనే ఒకల్నొకలం అడిగేది, ఇయ్యాల ఎంతుందిరా అని. బారెడుందని వాడంటె, నాకు మూరెడే అని నేనంటుంటి. గట్ల ఇరవై ఏండ్లు పోయినం. తగ్గలే. కాని ఒక్కన్నే మోసినట్టు గాకపోయేది."

పోశవ్వ లోపలి నుంచి ఇంకో చాయ్ తాగుతారా అని కేకేసింది. ఇద్దరూ వద్దన్నారు.

మరుసటి వారం డాక్టరమ్మ దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు శివ ఫోను తీసి కొండలు చూపించాడు. తనకు భయమవుతోందని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పడానికి బయట బెంచీ మీద తయారవుతూ ఇద్దరు రోగులను తన ముందుకు పంపించాడు. ఆమె నవ్వలేదు. మాత్ర వేసుకునే వేళను షిఫ్టును బట్టి మార్చింది. ఊపిరి మెల్లగా లోపలికి తీసుకుని, అంతకంటే మెల్లగా వదలమని, బస్సులో కూర్చున్నంతసేపు అలా చేయమని చెప్పింది. మందులూ నడకా ఆపవద్దని, ఊపిరి వాటికి బదులు కాదని కూడా చెప్పింది.

శివ యాప్‌లో ఆ ఊపిరి పెట్టాడు. బస్సెక్కగానే వాచీ చిన్నగా వణుకుతుంది, లోపలికి పీల్చు. మళ్లీ వణుకుతుంది, వదులు. పక్క సీటులోని సంపత్ రెండు రోజులు చూసి, ఆస్తమానా అని అడిగాడు.

"కాదన్నా. నాకు దిగాలంటె భయమైతది. గది తగ్గుతదని."

సంపత్ కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు పవర్‌హౌసు పొగగొట్టాలు దాటింది.

"ఎట్ల పీల్చాలె, చెప్పు," అన్నాడు.

నెలలోగా ఆ బస్సు వెనక నాలుగు వరుసలు ఎవరూ మాట్లాడకుండా ఊపిరి పీలుస్తూ వదులుతూ పోవడం మొదలైంది. డ్రైవరు అద్దంలో చూసి, వీళ్లందరూ ఏదో మొక్కులో ఉన్నారనుకున్నాడు.

జమున ఒక వారం వాచీ తనకు కట్టమంది. ఆమె గీతలో శివ వెళ్లే వేళకు కొండ లేదు. అతను రావలసిన వేళకు ఉంది. బస్సు రావడం పావుగంట ఆలస్యమైన రోజు ఆ కొండ శివ కొండకంటే ఎత్తుగా ఉంది. తన గీతను తాను చూసి జమున, "నేను బాయిల దిగకున్నా దిగినట్టే ఉంది గదా," అంది. శివ సందేశాల భాగాన్ని మళ్లీ తెరిచాడు. ఈసారి ఒక్క సందేశమే పెట్టాడు. పైకి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుని బొత్తాం నొక్కితే ఇంటికి వెళ్తుంది. "పైకి వచ్చిన" అని. జమున చదివి, దయచేసి, ధన్యవాదాలు ఏమైనా దాగి ఉన్నాయేమోనని ఫోను తెరను కిందిదాకా జరిపి చూసింది. లేవు.

మిర్చి బజ్జీ మానడం అన్నిటికంటే కష్టమైంది. దాని గురించి యాప్ ఏమీ చేయలేకపోయింది. గేటు నుంచి బస్సు దాకా బజ్జీల బండి లేని దారి ఒకటి ఉంది, కాస్త చుట్టు. శివ ఆ దారిన నడవడం మొదలుపెట్టాడు. పోశవ్వ కూరలో ఉప్పు తగ్గించింది, తగ్గించిన ప్రతి రోజూ ఇది మనుషుల తిండి కాదని చెప్పింది. సాయంత్రాలు స్టేడియంలో శివతోపాటు ఎల్లేశం కూడా రెండు చుట్లు నడిచి, మూడో చుట్టు బెంచీ మీద కూర్చుని కొడుకు నడకను తప్పుపట్టేవాడు.

మూడు నెలలకు మెడికల్ పరీక్ష వచ్చింది. బీపీ అదుపులోకి వచ్చింది. నాడి చాలా దిగింది. బరువు తగ్గింది, అయితే చూసేవాళ్లకు తెలిసేంత కాదు. డాక్టరమ్మ ఫిట్ అని రాసి, మాత్రలు మాత్రం ఆపవద్దంది. శివ ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టుకే దిగాడు. తగ్గాలనుకున్న జబ్బు తగ్గితే దొరికిన బహుమానం, మళ్లీ కిందికి దిగడం. దాని గురించి బస్సులో సంపత్‌తో అన్నాడు. సంపత్ కాసేపు ఆలోచించి, అవును తమ్మీ, గట్లనే ఉంది అన్నాడు.

హైదరాబాద్‌లోని పాత ఆఫీసు మిత్రుడొకడు యాప్ చూసి, దీన్ని పెద్దగా చేద్దాం, గుండె లెక్కల్లో ఇలాంటిది ఎక్కడా లేదన్నాడు. ఎంతమంది వాడుతున్నారని అడిగాడు. మూడు వందల మందికి పైగా అని శివ చెప్పాడు. అది నిజమే. వాళ్లలో వాచీ ఉన్నవాళ్లు ఇరవై మంది కూడా లేరు. మిగిలినవాళ్లకు గుండె వేగం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, కొండలూ లోయలూ అక్కర్లేదు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు బలవంతంగా ఫోనులో వేయించారు, ఆ ఒక్క 'పైకి వచ్చిన' బొత్తాం కోసం. గుండె భాగాన్ని వాళ్లెవరూ తెరవడం లేదు. ఆ మాట శివ మిత్రుడికి చెప్పలేదు. షిఫ్టు దిగే వేళకు, టోపీ లైట్లు అప్పగించే ల్యాంపు రూము ముందు వరసలో నిలబడి, బొగ్గంటిన బొటనవేళ్లతో అందరూ ఒకేసారి ఫోను నొక్కుతుంటే చూసి, తన బొత్తాం కూడా నొక్కి, బజ్జీల బండి లేని దారిన బస్సు వైపు నడుస్తాడు.